వెనక సందులో వచ్చే అవ్వ

గుడియాత్తంలో ఏ ఇల్లు మంచిదో, ఏ ఇల్లు చెడ్డదో తెలిసిన మనిషి పోయిన వారం కన్నుమూసింది.

ఆమె మంత్రసాని. భర్త బతికి ఉన్నన్నాళ్లు ఆయన క్షవరాలు చేసేవాడు, ఆమె పురుళ్లు పోసేది. అరవంవాళ్లు ఆమెను మరుత్తవచ్చి అనేవాళ్లు, మేము అవ్వ అనేవాళ్లం. ఆమె దస్తావేజులు రాసింది నేనే కాబట్టి అసలు పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే తిరిగి చూసేది కాదు. ఇక్కడ రాసినా గుర్తుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

సాగనంపడానికి వచ్చినవాళ్లలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. అది అనుకున్నదే. కానీ వాళ్లు మాట్లాడుకుంటున్నది కాన్పుల సంగతి కాదు, ఇళ్ల సంగతి. ఒకాయన తను కొనబోయిన మిద్దెను అవ్వ వద్దందని, దాన్ని కొన్నవాడు రెండేళ్లకే దూలం మార్చుకోవలసి వచ్చిందని చెబుతున్నాడు. ఇంకొకాయన తన బాడుగ ఇంట్లో ఇన్నేళ్లలో ముగ్గురే మారారని, అవ్వ చెప్పినట్టు నడుచుకున్నందుకే అలా జరిగిందని అంటున్నాడు. నా సంగతి మొదలుపెడితే ఆ పూటకు తెమలదు. అందుకే ఇంటికొచ్చి రాసుకుంటున్నాను.

రిజిస్ట్రారు కచేరీ ముందు అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాయడం నా వృత్తి. అరవంలోనూ తెలుగులోనూ రాసేవాణ్ణి. అక్షరం గుండ్రంగా ఉంటుందని, తప్పు పోదని నాకు పేరుండేది. రోజూ నా కలం కింద ఒక ఇల్లో ఒక చెక్క పొలమో చేతులు మారుతుండేది. ఆస్తి సంగతి నాకు తెలిసినంత ఈ తాలూకాలో ఇంకెవరికీ తెలియదని నమ్మేవాణ్ణి. అవ్వకు ఒక్క అక్షరం రాదు.

ఇల్లు కొనదలచినవాళ్లు ముందు నా దగ్గరకు వచ్చి పాత కాగితాలు చూపించుకునేవాళ్లు. ఆ తరవాత, కొంచెం సిగ్గుపడుతూ, వీధి మలుపులో వేరుశనక్కాయలు అమ్మే ముసలామె పక్కన కూర్చున్న అవ్వ దగ్గరకు పోయేవాళ్లు. ఆమె ఎవరినైనా మొదట ఒకటే అడిగేది, వెనకనుంచి చూస్తివా అని. చాలామంది చూసి ఉండరు. అయితే పదప్పా అని లేచేది.

వీధి వాకిట ఆగేది కాదు. చుట్టూ తిరిగి పెరటివైపు నుంచి లోపలికి పోయేది. గోడకు మోకాలెత్తున కుడిచేతి వెనక భాగం ఆనించి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు కాసేపు ఉంచేది. అరచేయి పనిచేసి చేసి మొద్దుబారి ఉంటుంది, దానికి చెమ్మ తెలియదు అనేది. తరవాత అన్నిటికంటే లోపలి గదిలోకి పోయి, తలుపు మూయించుకుని, గోడకు చేరగిలబడి కూర్చునేది. ఒకసారి కొనబోయే ఆసామి ఆత్రం పట్టలేక తలుపు తట్టాడు. ఊపిరి ఇంకా చాలతా ఉండాది, ఉండప్పా అని లోపలినుంచి జవాబు వచ్చింది.

ఆమె కొంగున ఎప్పుడూ గుప్పెడు కందిబేడలు ముడివేసి ఉండేవి. ఆ ఇంటి బావి నీళ్లు చెంబుతో ముంచి పక్కింటి ఇల్లాలికిచ్చి, వీటితో ఈ బేడలు ఉడకేసి చూడమ్మా అనేది. నీళ్లు ఉప్పువైతే బేడలు ఎంతకీ మెత్తబడవు, అలాంటి ఇంట్లో ఏ కాపురమూ ఎక్కువకాలం నిలవదు. ఇది అందరికీ అర్థమయ్యే సంగతే. బేడలు ఉడికేదాకా పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలు పక్కింటి చరిత్ర మొత్తం చెప్పేస్తుందని, అవ్వకు అసలు కావలసింది అదేనని నాకు చాలా ఏళ్ల తరవాత గాని తట్టలేదు.

ఎండాకాలంలో ఇంటినీ, పండగపూట మనిషినీ చూసి ఖాయం చేసుకోవద్దు అనేది. వాన పడుతుంటే గోనెసంచి నెత్తిన వేసుకుని మరీ పోయి చూసేది. చూరు నీళ్లు ఎవరి వాకిట్లో పడుతున్నాయో, వీధి నీళ్లు ఎటు పారుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఏటి ఒడ్డున చవగ్గా వస్తోందని ఒక ఇంటికి బయానా ఇచ్చిన వాణ్ణి, వాన కురుస్తుండగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ ఇంటి గడప ముందు నిలబెట్టింది. చీలమండల దాకా నీళ్లు వచ్చాక అతనే వెనక్కి తిరిగాడు.

ఇదంతా ఆమెకు ఎలా తెలిసిందంటే, ఊళ్లో ప్రతి ఇంటిలోనూ అన్నిటికంటే చీకటిగా, గాలాడకుండా ఉండే గది ఆమెకు తెలుసు. పురుడు పోసేది ఆ గదిలోనే. ఇంటి యజమాని ఏడాదికొకసారి కూడా తొంగిచూడని ఆ మూల ఆమె పగళ్లకు పగళ్లు కూర్చునేది. కప్పు ఎక్కడ కారుతుందో, ఏ గోడ వెనక గొడ్ల కొట్టం ఉందో, ఏ ఇంటి నీళ్లు ఏ మురుగుతో కలుస్తాయో కూర్చున్నచోట తెలిసిపోయేది. తల్లి ఊపిరాడక తల్లడిల్లేది చూసినదాన్ని, నాకు ముందర చెక్కిన తలుపులు చూపిస్తే ఏం లాభం అనేది.

ఆమె మొదట కొన్న ఇల్లు ఎవరూ కొనని ఇల్లు. అందులో వరసగా ముగ్గురు బిడ్డలు పోయారు. దోషమున్న ఇల్లని జనం ఆ వైపు నడవడం కూడా మానేశారు. ఆ ముగ్గురినీ కన్న తల్లి పక్కన కూర్చున్నది అవ్వే. అందుకని దోషం ఎక్కడుందో ఆమెకు తెలుసు. పక్క కొట్టంలోని పేడనీళ్లు గోడ కిందినుంచి బావిలోకి ఊరుతున్నాయి. పురుళ్లకు కూలిగా వచ్చి దాచుకున్న గింజలు అమ్మి ఆ ఇల్లు కొన్నది. కాలవ మళ్లించింది, బావి పూడిక తీయించింది, లోపలి గదికి రెండు కిటికీలు కొట్టించింది. తన మనవరాలికి అక్కడే పురుడు పోసి, బిడ్డను చంకనేసుకుని ఊరంతా తిరిగింది. తరవాత ఆ ఇల్లు బాడుగకు కావాలని వచ్చినవాళ్లకు లెక్కలేదు.

దాని పక్క ఖాళీ జాగాలో నేతగాళ్ల కోసం నాలుగు ఇళ్లు వరసగా వేసింది. పునాది తీయకముందు నేసేవాళ్లను పిలిచి, మగ్గం గుంట ఎక్కడ తవ్వాలి, వెలుతురు ఏ పక్కనుంచి రావాలి, పడుగు సాగదీయడానికి ఎంత పొడుగు కావాలి అని అడిగి ఆ ప్రకారం కట్టించింది. మేస్త్రీ నవ్వాడట, ఇల్లు నీదా వాళ్లదా అని. ఉండేది వాళ్లు కదా అందట. ఆ నాలుగు ఇళ్లూ ఒక్క నెల ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

బాడుగకు వచ్చేవాళ్లను సంపాదన ఎంత అని అడిగేది కాదు. ఇంతకు ముందు ఎక్కడున్నారో తెలుసుకుని అక్కడికి పోయి వచ్చేది. ఒకసారి నాతో అన్నది, "వచ్చేటప్పుడు అందురూ మంచోళ్లే నాయనా. పోయేటప్పుడు ఎట్ల పోయినారో అది అడగల్ల." చేరాక మాత్రం వాళ్ల ఇంటి గడప తొక్కేముందు బయటనుంచి పిలిచి నిలబడేది. ఇల్లు నీదే కదా అవ్వా అంటే, బాడుగ తీసుకున్నాక అది వాళ్లది అనేది. ఆడినెల, అదే ఆషాఢం, వానలకు ముందే, ఎవరూ అడక్కుండానే పెంకులు సర్దించేది. అడిగించుకుని చేసే మరమ్మతుకు రెండింతల ఖర్చు, సగం మర్యాద అని ఆమె లెక్క. బిడ్డ పుట్టిన ఇంట ఆ నెల బాడుగ తీసుకునేది కాదు.

ఇవన్నీ రోజూ కళ్లముందు చూస్తూ కూడా నేను ఆమె దగ్గర నేర్చుకోలేదు. నా వయసు ముప్పై దాటాక, పరుల ఇళ్లు రాసి రాసి నాకూ ఒక ఇల్లు కొని బాడుగకు ఇవ్వాలన్న కోరిక పుట్టింది. నేతగాళ్ల వీధిలో ఒక పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. రెండు మగ్గాలు పట్టే చావడి, లోపలి గది, పెరడు. పెరటి తలుపు తీస్తే ఒక సన్నని సందు. ఆ సందు ఒక కొస వీధిలో కలుస్తుంది, ఇంకో కొస బావి దగ్గరకు పోతుంది. సందుకు అవతలి పక్క ఒక నూలు వర్తకుడి పెద్ద ఇల్లు. వీధిలో సగం మగ్గాలకు నూలు ఆయనదే.

నేను పిలవకపోయినా అవ్వ వచ్చి చూసింది. గోడలు చూసింది, లోపలి గదిలో కూర్చుంది, బేడలు ఉడకబెట్టించింది. ఇల్లు బాగుంది, కొను అంది. సందు నీ కాయితంలో ఎట్ల ఉండాది అని అడిగింది. నేను రాసుకున్న చిత్తు చదివి వినిపించాను, వాడుక దారి హక్కులతో సహా అని.

"ఎన్ని అడుగులు? యాడనుంచి యాడికి?"

"అట్ల ఎవరూ రాయరు అవ్వా."

"ఎవరూ రాయరని నువ్వూ రాయకుంటివా?"

నాకు కొంచెం కోపం వచ్చింది. వందల దస్తావేజుల్లో అదే మాట రాశానని, చట్టానికి అది చాలునని ఆమెకు పాఠం చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. అవతలి ఇంటి నూలు వర్తకుణ్ణి పిలిచి, ఆయన చూస్తుండగా సందు కొలిచి, ఆ కొలత కాగితంలో పెట్టు, ఆయన వేలుముద్రో సంతకమో తీసుకో అని మాత్రం చెప్పి పోయింది. అంత పెద్దమనిషిని ఎండలో నిలబెట్టి తాడు పట్టుకోమనడానికి నాకు మొహం చెల్లలేదు. కొలవకుండానే రిజిస్టరు చేయించుకున్నాను.

ఇద్దరు అన్నదమ్ములు కాపురానికి వచ్చారు. రెండు మగ్గాలు వేశారు. తమ్ముడి భార్య కడుపుతో ఉంది. నాలుగు నెలలు ఏ గొడవా లేదు. మొదటిసారి ఇంటి యజమానినయ్యాను కదా, వారానికొకసారి ఏదో ఒక నెపంతో ఆ వీధిలో నడిచేవాణ్ణి.

ఒకనాటి ఉదయం పెద్దవాడు కచేరీ దగ్గరకు వచ్చి, సందుకు అడ్డంగా గోడ లేస్తోందని చెప్పాడు. పోయి చూశాను. వీధి కొసన ఒక గోడ, బావి కొసన ఒక గోడ. నూలు వర్తకుడి మేస్త్రీలు తాపీగా కడుతున్నారు. ఆ వర్తకుడు నన్ను చాప వేసి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇప్పించాడు. అది దారి కాదు, మా పెరటి జాగా, ఏదో నడుస్తున్నారని ఇన్నాళ్లు ఊరుకున్నాను అన్నాడు. మీ కాగితంలో దానికి కొలత ఉందా అని మెత్తగా అడిగాడు. ఇబ్బందిగా ఉంటే ఆ ఇల్లు నేనే తీసుకుంటానులే అని, నేను పెట్టిన దానిలో సగం ధర చెప్పాడు. ఆ గోడ ఎందుకు లేచిందో అప్పుడు అర్థమయింది.

సందు లేకపోతే బావికి మూడు వీధులు చుట్టి పోవాలి. కడుపుతో ఉన్న పిల్ల ఆ నీళ్లు మోయలేకపోయింది. పడుగు సాగదీసి గంజి పెట్టుకోవడానికి జాగా లేదు. పెరట్లో నీళ్లు పోయే తోవ లేక మురిగిపోయాయి. అన్నదమ్ములు ఒక నెల ఓర్చుకున్నారు. తరవాత, మీ తప్పు లేదు సామీ అని దండం పెట్టి మగ్గాలు విప్పుకుని పోయారు. నెలల తరబడి ఆ ఇంటికి తాళం తప్ప ఏమీ లేదు. ఊరికి దస్తావేజులు రాసేవాడు తన దస్తావేజు రాసుకోలేకపోయాడని కచేరీ అరుగు మీద నవ్వుకున్నారు.

దావా వేస్తే గెలవవచ్చునని ప్లీడరు చెప్పాడు. ఇరవై ఏళ్లకు పైగా, ఎవరినీ బతిమాలుకోకుండా, అడ్డులేకుండా ఆ దారి వాడుకలో ఉందని సాక్ష్యం కావాలన్నాడు. నేను ఆ వీధిలో గడప గడపకూ తిరిగాను. సందు ఉన్నమాట అందరికీ తెలుసు. కానీ అందరి మగ్గాల మీదా ఆయన నూలే. ఒక్కరూ కోర్టుకు రామన్నారు. ఇల్లు సగం ధరకు ఇచ్చేద్దామని నిర్ణయించుకుని ఇంటికొస్తే నా భార్య అడిగింది, ఆ వీధి సందుల్లో అందరికంటే ఎక్కువ నడిచిన మనిషిని అడిగారా అని.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆమే మళ్లీ అడిగింది, అవ్వను ఎవరి ఇంట్లోనైనా ముందు వాకిట్లోంచి రానిస్తారా అని.

రానివ్వరు. ఆమెది తక్కువ కులమని, పురిటి మైల ఆమెతో వస్తుందని పెద్దవాళ్ల నమ్మకం. మా అమ్మ కూడా రానివ్వలేదు. నేను పుట్టినప్పుడూ, నా బిడ్డలు పుట్టినప్పుడూ ఆమె మా పెరటి తలుపు దగ్గరే నిలబడి పిలిచింది. ఆమె అక్కడ నిలబడటం నేను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను, ఒక్కనాడూ ఎందుకని అనుకోలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. ముందే చెప్పాను కదా అని అంటుందని తల వంచుకుని పోయాను. ఆ మాట ఆమె అనలేదు. అంతా విని, "ఏడ్సింది చాలు గాని ప్లీడరుకి చెప్పు, నేను వస్తా" అంది.

ఆ సంగతి వర్తకుడికి తెలిసింది. అవ్వ సాక్ష్యం చెబితే ఆమె ఇళ్లలో ఉన్న నలుగురు నేతగాళ్లకూ నూలు ఇవ్వనని కబురు పెట్టాడు. తన బంధువుల ఇళ్లలో ఆమెను పురిటికి పిలవరనీ చెప్పించాడు. అవ్వ ఆ నలుగురినీ తన వాకిట్లో కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను మాత్రం కోర్టుకు పోతాను, మీకు కష్టమైతే వేరే చోటు చూసుకోండి, ఏమీ అనుకోను అంది. నేను అక్కడే ఉన్నాను. వాళ్లలో పెద్దవాడు, నూలు వేలూరు నుంచి నెత్తిన పెట్టుకునైనా తెచ్చుకుంటామవ్వా, అడక్కుండా పెంకులేయించే ఇల్లు యాడ తెచ్చుకునేది అన్నాడు. మిగతా ముగ్గురూ తలూపి లేచారు. బాడుగ ఇళ్లు ఉన్నవాడి బలం ఎక్కడుందో నాకు ఆ వాకిట్లో తెలిసింది.

వాయిదా రోజు పొద్దున్నే రైలెక్కి కాట్పాడిలో దిగి, జట్కాలో పాలారు దాటి వేలూరు చేరాము. అవ్వకు వేలూరు అదే మొదటిసారి. కోట చూడు అవ్వా అన్నాను. చూసింది. జట్కా ఆపించి, కందకం అంచుదాకా పోయి నిలబడింది. "నీళ్లలో ఇన్నేండ్లు నిలబడినా ఈ గోడకి చెమ్మ లేదు చూడు నాయనా. కట్టినోడు పునాది దగ్గర కక్కుర్తి పడలేదు" అంది. నేను జేబులోని కాగితాలు మళ్లీ మళ్లీ తడుముకుంటున్నాను. ఆమె ఊరు చూడటానికి వచ్చినట్టు దారిపొడవునా ఇళ్ల చూరులు చూస్తూ వచ్చింది.

కోర్టులో వర్తకుడి వెనక ఆయన బంధువులు రెండు బల్లలు నిండా కూర్చున్నారు. నా వెనక నా భార్య తమ్ముడు, ఆ ఇల్లు నాకు అమ్మినాయన పెద్దకొడుకు. అవ్వ బోనులో నిలబడింది. అరవంలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేసింది. జడ్జిగా కూర్చున్న జిల్లా మునసబుగారికి రెండూ తెలుసు కాబట్టి ఊరుకున్నారు.

ఎన్నేళ్లుగా ఆ సందు తెలుసని మా ప్లీడరు అడిగాడు. ఏళ్లు నాకు తెలియవు సామీ, బిడ్డలు తెలుసు అంది. ఆ ఇంట్లో మొదటి కాన్పుకు ఆ సందులోనే వచ్చానని, ఆ బిడ్డ ఇప్పుడు మీసాలు పెట్టుకుని ఆ మూల బల్లమీద కూర్చున్నాడని చూపించింది. మా ప్లీడరు అతని పుట్టుక రాసిన పురపాలక సంఘం నకలు తీసి మునసబుగారికి ఇచ్చాడు. ఇరవై ఆరేళ్లు. ఆ తరవాత ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, బావికి గట్టు ఎప్పుడు కట్టారో, సందులో రాయి ఎప్పుడు వేశారో, బిడ్డల వరసలో చెప్పుకుంటూ పోయింది. ఒక్కచోట కూడా తడబడలేదు. గుమాస్తా రాయలేక రెండుసార్లు ఆగమన్నాడు.

అవతలి ప్లీడరు లేచాడు. ఆ సందులో నడిచినప్పుడల్లా వర్తకుడి ఇంటివాళ్లను అడిగి నడిచావు కదా అన్నాడు. బిడ్డ తల కనపడతా ఉంటే దారి కోసరం పర్మిషను అడగతారా సామీ అంది. కోర్టులో నవ్వు వినిపించింది. ఆయన ముఖం ఎర్రబడింది. అసలు నువ్వు వీధి వాకిట్లోంచే వచ్చి ఉంటావు, ముసలితనంలో మరిచిపోయావు అన్నాడు.

అవ్వ బోను కర్ర మీద రెండు చేతులూ పెట్టి, వర్తకుడి వైపూ ఆయన వెనక బల్లల వైపూ ఒకసారి చూసింది.

"నన్ను ముందర వాకిట్లో రానిచ్చినోళ్లు ఆ వీధిలో ఒకరుంటే చూపించు సామీ. ఈయప్పకి కొడుకు పుట్టినప్పుడు కూడా నేను ఆ సందులోనే వచ్చినా. వాళ్ళమ్మ నిలబడి చెప్పింది, ఇంట్లో సామి గది ఉండాది, ముందర అడుగు పెట్టద్దు, సందులో రా అని. చెప్పినట్టే వచ్చినా, చెప్పినట్టే పోయినా. మూడు కాన్పులు. ఇప్పుడు సందే లేదంటే మరి నేను యాడనుంచి వచ్చినట్టు?"

గొంతు పెంచలేదు. ఎవరినీ తప్పుపట్టినట్టు కూడా అనలేదు. జరిగింది చెప్పింది. ఈసారి కోర్టులో ఎవరూ నవ్వలేదు. మా ఇంటి పెరటి తలుపు నా కళ్లముందు కనబడి, నేను తలెత్తలేకపోయాను.

అవతలివాళ్ల సాక్షులు అయ్యాక వర్తకుడు బోనెక్కాడు. మా ప్లీడరు ఆయన్ను ఒక్కటే ప్రశ్న అడిగాడు. మీ కొడుకు పుట్టినప్పుడు ఈమె మీ ఇంట్లోకి ఏ దారిన వచ్చింది? సందులో అంటే దావా పోతుంది. వీధి వాకిట్లోంచి, దేవుడి గది ముందునుంచి అంటే వెనక బల్లల మీద కూర్చున్న బంధువులు వింటున్నారు. ఆయన ఆ బల్లల వైపు చూశాడు. పైకండువాతో మెడ తుడుచుకున్నాడు. మునసబుగారు రెండోసారి అడిగారు, మూడోసారి అడిగారు. సాక్షి జవాబు చెప్పలేదని రాసుకోమని మునసబుగారు గుమాస్తాకు చెప్పి కలం కింద పెట్టారు.

బయటికి రాగానే నేను ఆమె కాళ్లకు దండం పెట్టబోయాను. లేపి, ఆకలేస్తా ఉండాది, ముందు ఏమన్నా తినేది చూడప్పా అంది.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. సందు దారేనని, అడ్డుగోడలు తీసేయాలని, వీధి మూల రాయి నుంచి బావి గట్టు వరకు నాలుగున్నర అడుగుల వెడల్పున ఎవరూ ఆపకుండా వదలాలని. కోర్టు అమీను వచ్చి గొలుసు పట్టి కొలిచాడు. ఆ కొలత నా చేత్తో నేనే రాసుకున్నాను. అప్పటినుంచి కొలత లేకుండా ఒక్క దారి కూడా నేను ఏ దస్తావేజులోనూ రాయలేదు. ఎవరైనా విసుక్కుంటే, సంతకం పెట్టేముందు సిగ్గుపడేవాడు పెట్టాక ఏడుస్తాడని చెప్పి తాడు చేతికిస్తాను.

గోడలు వర్తకుడి మేస్త్రీలే పగలగొట్టారు. రాళ్లు ఎత్తేసిన మరునాడు పొద్దున అన్నదమ్ములిద్దరూ మగ్గాలతో తిరిగి వచ్చారు. చిన్నవాడి భార్య చంకలో బిడ్డ ఉంది. నా భార్య పొద్దున్నే పోయి ఆ ఇంటి ముందు ముగ్గు వేసింది. మా ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ ఇక పెరటి తలుపు దగ్గర అవ్వను నిలబెట్టేది లేదని మేమిద్దరం అనుకున్నాము. ఆమె రాగానే నేను వీధి వాకిలి రెండు తలుపులూ తెరిచి, రా అవ్వా, ముందు నువ్వు అడుగు పెట్టు అన్నాను.

ఆమె ముగ్గు చూసింది, తలుపులు చూసింది. నా భుజం తట్టింది.

"ముందర ఇంకొక దినం వస్తాలే నాయనా. ఈపొద్దు దాంట్లో పోవల్ల."

మలుపు తిరిగి సందులోకి నడిచింది. వెనకాలే మేమూ పోయాము. అటూ ఇటూ ఇళ్ల పెరటి తలుపుల దగ్గర ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. కోర్టుకు రామన్న ఇళ్లవాళ్లే. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ పరుగులాంటి నడక. ఆ రోజు మాత్రం ఒక్కొక్క అడుగూ పెళ్లివారి నడకలా నిదానంగా వేసింది. ఎవరి మురుగు ఎటు పోతోందో చూస్తూ, ఒకచోట ఆగి కాలితో ఒక రాయిని పక్కకు జరిపి, మళ్లీ నడిచింది. ఒకామె నీళ్ల బిందె దించి దారి ఇచ్చింది. ఇంకొకామె దండం పెట్టింది.

వర్తకుడి పెరటి తలుపు సగం తెరిచి ఉంది. ఆయన భార్య తలుపు వెనకనుంచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అవ్వా అని పిలిచింది. అందరమూ ఆగిపోయాము. తమ కూతురికి నెలలు నిండుతున్నాయని, భయంగా ఉందని, ఇంకెవరి చేతిలోనూ పెట్టడం తనకు ఇష్టం లేదని ఆమె మెల్లగా చెప్పింది. తరవాత కళ్లెత్తి, వీధి తలుపు తీసిపెడతాము అవ్వా, ముందరనే రా అంది.

అవ్వ అటు వీధి వైపు చూసింది, ఇటు సందు చూసింది.

"తీసి పెట్టండమ్మా" అంది. "బిడ్డ తొందరపడితే ఏది దగ్గరయితే దాంట్లో వస్తా."